ఏడో ప్రశ్నకు మా జవాబు

యూనివర్సిటీ గేటు ముందు, పట్టపగలు, న్యీ అనే కుర్రాణ్ణి చంపడం మొదలుపెట్టారు. పూర్తిచేసింది వేరే చోట.

ఆ గేటుకి ఎదురుగా నాకు దోసెల బండి ఉంది. సోమవారం తొమ్మిది గంటలకి పెనం మీద దోసె తిప్పుతున్నాను. ఇద్దరు సైనికులు ఆ పిల్లాణ్ణి జుట్టు పట్టి గేటు బయటికి ఈడ్చుకొచ్చారు. మూడోవాడు తుపాకి మడమతో నోటిమీద పొడిచాడు. రెండు పళ్ళు నా బండి చక్రం దగ్గర పడ్డాయి. ఆఫీసరు చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని న్యీ మొహానికి అదిమిపెట్టి, "ఇది రాసింది నువ్వేనా?" అని అరిచాడు. జవాబు చెప్పడానికి ఆ పిల్లాడికి నోరు మిగల్లేదు. లారీలోకి విసిరేశారు. లారీ వెళ్ళిపోయింది.

కాగితం రక్తంలో తడిసి రోడ్డుమీద ఉండిపోయింది. నాకు బర్మా అక్షరాలు బడిలో ఎవరూ నేర్పలేదు. దోసెలు చుట్టే పాత పేపర్లమీద ఒక్కొక్కటే కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే చదవగలిగాను. కోర్సు ఎలా ఉందో విద్యార్థుల్ని అడిగే ఫారం అది. ఏడో ప్రశ్న: ఈ కోర్సు మెరుగుపడాలంటే ఏం మారాలి? న్యీ మూడే వాక్యాలు రాశాడు. "కరెంటు ఉండే గంటల్లో ప్రాక్టికల్స్ పెట్టండి. క్లాసులో వెనక బెంచీమీద తుపాకి మనిషిని కూర్చోబెట్టకండి. తీసేసిన మా సయామాను మళ్ళీ పనిలోకి తీసుకోండి." సయామా అంటే టీచరమ్మ.

పేరు రాయనక్కర్లేదని ఆ ఫారం నెత్తిమీదే అచ్చువేసి ఉంది.

గేటు దగ్గర రెండొందల మంది ఉన్నాం. ఒక్కరం కదల్లేదు. నేనూ కదల్లేదు. నా దోసె మాడిపోయింది.

లమ్మడా పేటలో నాలుగో అంతస్తు మా ఇల్లు. ఇంట్లో నేనూ, నా మనవరాలు జయంతీ. న్యీ దాని క్లాసువాడే. నా ఆరేళ్ళప్పుడు సేక్కాన్ రేవులో మా అక్క తాతల దేశం వెళ్ళే ఓడెక్కింది, మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళ కిందట జయంతి తండ్రి, నా కొడుకు, సైన్యానికి ఎదురుతిరిగిన ఊరేగింపుకని దిగాడు. అతని చెప్పులు మాత్రం ఎవరో తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. అప్పటినుంచి పిల్ల చెప్పులు గుమ్మం ముందు కనిపిస్తే తప్ప నాకు ముద్ద దిగదు. ఆ రోజు చెప్పులున్నాయి గాని పిల్ల లోపలికి రాలేదు. మెట్లమీద కూర్చుని ఉంది.

"నానే సంపినాను మామ్మా."

"ఏటే ఆ మాట?"

"పారాలు పోగుచేసింది నానే. క్లాసు లీడర్ని కదా. సయామా ఉన్నప్పుడు ఏ కాయితాలైనా రోల్ నంబరు వరసలో పేర్చి ఇచ్చీదాన్ని. సెయ్యి అలవాటు పడిపోనాది. ఇవీ అలాగే పేర్చి ఇచ్చీసినాను. పైనించి ఇరవయ్యేడోది న్యీది. ఆళ్ళకి ఇంక పేరెందుకు?"

చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చాను. "నోరు ముయ్యి. ఎవలికీ సెప్పకు. పరీచ్చ రాసీసి బయటపడు," అన్నాను. సిగ్గుతోనే చెబుతున్నాను, నేనన్న మాట అదే.

వాళ్ళ సయామా తిడా కెమిస్ట్రీ చెప్పేది. ప్రతి టర్మూ తెల్ల చీటీలు ఇచ్చి, ఏం అర్థం కాలేదో, ఏం నచ్చలేదో రాయమనేది. సోమవారం అన్నీ చదివి వినిపించేది, తనను తిట్టినవి కూడా. వచ్చే సోమవారానికి ఏదో ఒకటి మారేది. నది అవతల డలా నుంచి పడవలో వచ్చే పిల్లలు మొదటి గంట పోగొట్టుకుంటున్నారని ఎవరో రాస్తే కష్టమైన పాఠాన్ని రెండో గంటకి జరిపింది. సైన్యం గద్దెక్కిన వారమే ఆమె ఇక పనిలోకి రానని చెప్పేసింది. తీసేశారు. ఏళ్ళపాటు మూతపడ్డ యూనివర్సిటీని మళ్ళీ తెరిచాక, ఆమె నేర్పిన అలవాటును మాత్రం ఆఫీసు ఉంచుకుంది. ఆమె వినడానికి అడిగేది. వీళ్ళు పట్టుకోవడానికి అడిగారు.

బుధవారం మళ్ళీ ఫారాలు ఇచ్చారు. శుక్రవారంలోగా నింపి ఇవ్వనివాళ్ళకి పరీక్ష లేదు. అదే రోజు న్యీ తల్లిని ఆసుపత్రికి పిలిచారు. గుండె ఆగిందన్నారు. శవాన్ని అప్పటికే కాల్చేశామన్నారు. చొక్కా చేతిలో పెట్టారు. ఆమె ఆ చొక్కా పట్టుకుని నా బండి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇక్కడే కదా అమ్మా మా వాణ్ణి చివరిసారి చూసింది? ఏమన్నాడు?" అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పాల్సివచ్చింది. జయంతిని నోరు ముయ్యమన్న మాటే నాకు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం మా గదిలో పద్నాలుగుమంది కూర్చున్నారు, జయంతి క్లాసు పిల్లలూ ఇరుగుపొరుగూ. కింది అంతస్తు లోకనాథం, రేవులో మూటలు మోసేవాడు, కొడుకు బలరాంతో వచ్చాడు. బలరాం కూడా జయంతి క్లాసే.

"అన్నీ బాగున్నాయని టిక్కులు ఎట్టీసి పరీచ్చ రాసుకుందారి," అన్నాడు బలరాం.

"ఒరే, నీ పక్క బెంచీవోడు పళ్ళు రాలగొట్టించుకున్నాడు. నువ్వు టిక్కు ఎడతావా?" జయంతి లేచింది.

"నా పళ్ళు నాకు కావాలే!"

మా ఫ్యూ అనే బర్మా పిల్ల ఫారాల కట్ట ఎత్తింది. "కాల్చేద్దాం. గేటు ముందే."

"కాల్సితే ఆడికి పని తగ్గిపోద్ది, అంతే," అన్నాడు లోకనాథం. "గుంటల్లారా, మా రేవులో కొత్త మేస్త్రీ ఒకడు ఎవుడు తక్కువ మోస్తన్నాడో రాసుకుని కొట్టీవోడు. మేం ఏటి సేసినామో తెలుసా? మూట ఒకలి బుజం మీంచి ఒకలి బుజానికి మార్సుకుంటా దించినాం. ఏ మూట ఎవుడు దించినాడో ఆడి బాబుకి కూడా తెలీనేదు. జట్టంతట్నీ కొట్టాల. జట్టంతట్నీ కొడితే ఓడ కదల్దు."

"ఇది మూట కాదు బాబూ," అన్నాడు బలరాం తండ్రితో. "సేతిరాత. మా రాతలన్నీ పరీచ్చ పేపర్లలో ఉన్నాయి. పోల్సేస్తారు."

అప్పుడు నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"నా రాత ఏ పరీచ్చ పేపర్లో ఉందిరా?"

అందరూ నావైపు తిరిగారు.

గురువారం మా అంతస్తుల మేడ మొత్తం బడి అయింది. మా వీధిలో ప్రతి అంతస్తు నుంచీ రోడ్డుమీదికి ఒక తాడు వేలాడుతుంది. చివర క్లిప్పు, చిన్న గంట. పాలు, పేపరు, కూర పొట్లం దానికి తగిలించి గంట కొడితే పైవాళ్ళు లాక్కుంటారు. ఆ తాళ్ళమీదే ఫారాలు ఎక్కాయి, దిగాయి. ఇరవయ్యేడో నంబరు పోయాక క్లాసులో మిగిలింది అరవైమంది, అందరి ఫారాలూ వచ్చాయి. అరవై ఫారాల మీదా న్యీ రాసిన మూడు వాక్యాలే. నాలుగోది కలిపాం: "న్యీని ఎవరు చంపారో చెప్పండి." ముసలమ్మలు రాశారు, కూలీలు రాశారు, మా ఫ్యూ వాళ్ళ పిన్ని రాసింది. అందరికంటే ఎక్కువ నేను రాశాను, పందొమ్మిది.

"తాయారప్పా, బర్మా అచ్చరాలు దోసెల్లాగుంటాయి గాని నీవి మాడిపోనాయే!" అన్నాడు లోకనాథం.

"నీవి మూటల్లాగున్నాయి. మోసుకో," అన్నాను. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

శుక్రవారం జయంతి ఆ కట్టను పేకముక్కల్లా కలిపి ఆఫీసులో ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం వీధికి రెండువైపులా లారీలు ఆగాయి. ఎవడో మా వీధి పేరు చేరవేసి ఉంటాడు. అందర్నీ దింపి గోడకి నిలబెట్టారు. గేటు దగ్గర చూసిన ఆఫీసరే. తలా ఒక కాగితం ఇచ్చి రాయమన్నాడు.

"నాకు రాత రాదు దొరా, మోతే వొచ్చు," అన్నాడు లోకనాథం. మోకాలి చిప్ప మీద ఇనప కడ్డీతో కొట్టారు. పడ్డాక కూడా కొట్టారు. బలరాం అడ్డం పడితే అతని పళ్ళూ రాలాయి. ఆ పిల్లాడు రక్తం ఉమ్మి, "నానే రాసినాను, అరవై నానే రాసినాను," అని అరిచాడు.

నా వంతు వచ్చింది. రాశాను. ఆఫీసరు ఫారాలు తిప్పి చూసి నవ్వాడు. "ముసలిదానా, నీతో రాయించింది ఎవరు?"

"ఏం మారాలని అడిగింది మీరే కదా?" అన్నాను.

నన్ను కింద పడేశారు. ఒకడు నా కుడిచెయ్యి రోడ్డుకి ఆనించి బూటు మోపి తిప్పాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండోసారి బూటు ఎత్తేసరికి జయంతి వరసలోంచి బయటికి వచ్చింది.

"ఆమెను వదలండి. ఆ రోజు వరస పేర్చింది నేను. నిన్న వరస చెరిపింది నేనే."

"ఒద్దే," అన్నాను. దానికి వినపడిందో లేదో.

జుట్టు పట్టుకుని లాక్కుపోయారు. చెప్పులు రోడ్డుమీద ఉండిపోయాయి. నన్నూ లారీకి ఎత్తబోయారు. గోడకి నిలబడ్డ కూలీలు ఒక్కసారిగా కదిలారు. సోమవారం గేటు దగ్గర కదలని జనంలో వీళ్ళూ కొందరున్నారు. నలుగురు నామీద పడి కప్పేశారు. దెబ్బలు వాళ్ళ వీపులమీద పడ్డాయి. ఎవరూ లేవలేదు.

అప్పుడు పైన ఒక గంట మోగింది. మూడో అంతస్తు తాడు కిందికి దిగింది. క్లిప్పుకి కాగితం, దానిమీద నాలుగు వాక్యాలు. ఆఫీసరు లాగి చించాడు. ఎదురింటి తాడు దిగింది. దాని పక్కది దిగింది. వీధి చివరిదాకా రెండువైపులా గంటలు, కాగితాలు. సైనికులు పైకి కాల్చారు. కిటికీ అద్దాలు మామీద వానలా కురిశాయి. తాళ్ళు ఆగలేదు. జయంతిని ఎక్కించుకున్న లారీ ఆ కాగితాల్ని అద్దానికి రాసుకుంటూ వెళ్ళింది. లోపలినుంచి నా పిల్ల గొంతు వినిపించింది. "జవాబు చెప్పండి!" అని అరుస్తోంది. వీధంతా అందుకుంది.

జయంతి ఏ జైల్లో ఉందో ఇవాళ్టికీ చెప్పలేదు. దాని చెప్పులు తుడిచి గుమ్మం ముందే పెట్టాను. ఈ ఉదయం తలుపు తీసేసరికి వాటిపక్కన ముప్ఫై జతలు ఉన్నాయి. మెట్లనిండా పిల్లలు, మూడు కాలేజీలవాళ్ళు. మా పక్క పేట లత వీధుల్లోంచి ముసలమ్మల్ని కూడా వెంటపెట్టుకొచ్చారు.

"మా దగ్గరా ఫారాలు ఇచ్చారు మామ్మా. ఎలా రాయాలో చెప్పండి," అంది ముందున్న పిల్ల. నా కుడిచేతి కట్టు చూసి ఆగిపోయింది.

లోపలికి రమ్మన్నాను. కలం ఎడంచేత్తో పట్టుకున్నాను. మొదటి అక్షరం వంకరగా పడింది. ఈ రాత కూడా వాళ్ళ దగ్గర లేదు.