సిద్రో అల్లిన తాడు

పొద్దున్న ఐదున్నరకి రొట్టెల సైకిలు బూర కొట్టుకుంటూ వీధిలోకి వచ్చేసరికి త్రినింగ్ వాకిలి ఊడ్చేసి నిలబడి ఉంటుంది. నాలుగు వేడి పాన్ దె సాల్ రొట్టెలు తీసుకుంటుంది. ఒకటి తనకి, మూడు కుక్కకి.

"చుట్టాలొచ్చారా ఆలింగ్ త్రినింగ్?" అని రొట్టెలతను, ఆలింగ్ అని మర్యాదగా పిలుస్తూనే, రోజూ వేళాకోళంగా అడుగుతాడు.

"ఆఁ, వచ్చారు" అని ఆవిడా రోజూ అంటుంది. సాయంత్రం దాకా ఆవిడ మనుషులతో మాట్లాడేది చాలాసార్లు ఆ ఒక్క ముక్కే.

రొట్టె తిన్నాక మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని, మేకుకి వేలాడుతున్న తోలు తాడు తీసి సువెలాస్ మెడపట్టీకి తగిలిస్తుంది. కుక్కపిల్లగా ఉన్నప్పుడు కనబడిన చెప్పు అట్టనల్లా నమిలేసేదని, అట్ట అని అర్థం వచ్చేలా ఆవిడ మొగుడు సిద్రో దానికి ఆ పేరు పెట్టాడు. సందు దాటడమే ఆలస్యం, సువెలాస్ ముందుకి గుంజుతుంది. తాడు బిగుసుకుంటుంది. బిగుసుకోగానే తాడులోంచి సిద్రో మాట్లాడ్డం మొదలుపెడతాడు.

"...మేక తోలు మేక తోలే, ఆవు తోలు ఆవు తోలే. ఈ కాలం పిల్లలకి రేకు బూట్లు తొడిగినా తేడా తెలీదు. తోలు కుట్టే ఆరె ఎక్కడ పెట్టానో..."

"ఆఁ, ఇంకా?" అంటూ త్రినింగ్ వెనకాల కుంటుకుంటూ పరిగెడుతుంది.

సిద్రో పోయి నాలుగు నెలలైంది. పెరటి షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు బూట్లు కుట్టాడు. చేతులెంత నిదానమో నడక అంత దుడుకు. సంతకి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా పదడుగులు ముందే ఉండేవాడు. త్రినింగ్‌కి మొగుడి మొహం కంటే వీపే బాగా గుర్తు. పోవడానికి ముందు, వానల్లో తొమ్మిది రోజులు కూర్చుని, బూట్లకి కోయగా మిగిలిన తోలు పేలికలతో ఈ తాడు అల్లాడు. అల్లుతున్నంతసేపూ తనలో తను గొణుక్కుంటూనే ఉన్నాడు. తోలు సంగతి తెలిసిందే కదా. నూనె పట్టుకుంటుంది, చెమట పట్టుకుంటుంది. మాట మాత్రం ఎందుకు పట్టుకోదు?

వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. "ఏమంటున్నాడు మాంగ్ సిద్రో ఇవాళ?" అని గుమ్మాల్లోంచి అడిగేవాళ్ళు. "తోలు ధర గురించి తిడుతున్నాడు" అని త్రినింగ్ పోతూ పోతూ చెప్పేది. అడిగినదానికి సిద్రో జవాబివ్వడు. నిన్న ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి అందుకుంటాడు. తాడుని తలుపు గొళ్ళేనికి కట్టి లాగి చూసింది త్రినింగ్. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు చివర్లా ఆయన్ని ఎరిగిన ప్రాణం ఉండాలి కాబోలు.

అంతా బాగానే సాగుతుండగా ఓ ఆదివారం కొంప మునిగింది. పూజ అయి జనం చర్చిలోంచి బయటికొస్తున్నారు. మెట్ల పక్కన కుడుములమ్మే బెబాంగ్ పుతోల పళ్ళెం నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. సువెలాస్ అటే గుంజింది. రోజూ గొణుగుడే అయిన సిద్రో గొంతు ఆ రోజు అందరికీ వినబడేలా ఖణేల్‌మంది.

"...బెబాంగ్ ఎడమ కాలు కుడికాలి కంటే వేలెడు పెద్దది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇరవయ్యేళ్ళుగా వేరువేరు కొలతల రెండచ్చుల మీద కుడుతున్నా, చెప్పానా? చెప్పలేదు..."

"ఓరి నీ నోట్లో మన్ను పడ! చచ్చినా నోట్లో నువ్వు గింజ నానదుటోయ్ నీకు!" అంటూ బెబాంగ్ గిర్రున తిరిగింది. సువెలాస్ ఆవిడ కాళ్ళ మధ్యకి దూరింది. పుతోలు మెట్ల మీద దొర్లాయి, వాటి మీద బెబాంగ్ దొర్లింది. మణికట్టు బెణికింది. నవ్వకూడదనుకున్నవాళ్ళు కూడా నవ్వారు, దాంతో ఆవిడ ఒంటికి కారం రాసుకున్నట్టయింది. అట్నుంచి అటే పేట పంచాయతీకి, బరంగాయ్ ఆఫీసుకి వెళ్ళి కుక్క మీద ఫిర్యాదు కాగితం రాయించింది.

బరంగాయ్ పెద్ద కపితాన్ రుఫో చెడ్డవాడేం కాదు, కానీ కాగితం వచ్చాక ఏదో ఒకటి తేల్చాలి. "ఆలింగ్ త్రినింగ్, మూడు వారాలు గడువిస్తున్నా. మూడో శనివారం అందరి ఎదుటా కుక్కని చర్చి నుంచి ఏటి గట్టు దాకా నడిపించి వెనక్కి తీసుకురండి. తాడు ఒక్కసారి కూడా బిగుసుకోకూడదు. బిగిసిందా, బందెలదొడ్డి బండి వస్తుంది."

ఏడేళ్ళ నాటుకుక్కని బందెలదొడ్డి నుంచి పెంచుకోడానికి ఎవరు తీసుకుపోతారు? ఎవరూ తీసుకుపోకపోతే మందిచ్చి చంపేస్తారు. త్రినింగ్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయింది.

రెండిళ్ళ అవతల జోవి ఉంటుంది. షాపింగ్ మాల్ గేటు దగ్గర సంచులు వాసన చూసే కుక్కని పట్టుకుని నిలబడే సెక్యూరిటీ పిల్ల. త్రినింగ్‌ని నానాయ్ అంటుంది, అమ్మా అన్నట్టు. సాయంత్రం డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చింది.

"చూడండి నానాయ్. లాగిందా, ఆగిపోండి. అరవద్దు, మీరూ గుంజొద్దు. అలా నిలబడండి. కాసేపటికి అదే వెనక్కి చూస్తుంది, తాడు వదులవుతుంది. అయిందా, మీ ఎడమ మోకాలి దగ్గర ఓ లివరు ముక్క పెట్టండి. మళ్ళీ నడవండి. లాగితే దారి లేదు, వదులైతే దారి ఉంది. దానికి అర్థం కావలసింది ఇంతే."

జోవి చేతిలో సువెలాస్ మూడో రోజుకే పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచింది. త్రినింగ్ చేతికి రాగానే మళ్ళీ మొదటికొచ్చేది. వారం గడిచింది, పావుకిలో లివరు అయిపోయింది. కుక్క బుద్ధి ఇంతేలెమ్మని వీధి వీధంతా తేల్చేసింది.

జోవికి అనుమానమొచ్చింది. సెలవురోజు పొద్దున్నే చప్పుడు చెయ్యకుండా వెనకాలే నడిచింది. వీధి మలుపు దాకా సువెలాస్ పక్కనే నడుస్తోంది. మలుపు తిరగ్గానే, ఎవరూ చూడ్డం లేదనుకుని, త్రినింగే అడుగు వెనక్కి వేసి తాడు బిగబట్టింది. "ఆఁ, ఇంకా?" అంది.

"దొరికారు!" అంది జోవి. "కుక్కకి ఎప్పుడో వచ్చేసింది నానాయ్. రానిది మీకు."

త్రినింగ్ పక్కింటి మెట్టు మీద కూలబడింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ చిన్నపిల్లలా మొహం దించుకుంది.

"నీకేం తెలుసే. ఆ షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు గొణిగాడు. నేను రేడియో శబ్దం పెంచుకుని కూర్చున్నా. ఏంటి గొణుగుతున్నావని ఒక్కనాడు లోపలికెళ్ళి అడగలేదు. ఇప్పుడు వింటున్నా. తొమ్మిది రోజులు అల్లాడు. వరదొస్తోందని ఏటి సైరన్ రెండోసారి మోగిన రోజు దాకా వచ్చాడు నిన్న, అంటే ఏడో రోజు. ఇంకా బోలెడు మాటలున్నాయి దీంట్లో. అవి వినకుండా నేనెలా ఉండను?" అంటూ బావురుమంది.

జోవి పక్కన కూర్చుంది. సువెలాస్ చెవులు నిమిరింది.

"వినండి, ఎవరు వద్దన్నారు? కానీ మీరు విని అయ్యేసరికి ఇది ఉండదు. ఇంకోటి, దీని చెవులు ఎప్పుడైనా చూశారా? ముందు పిల్లీ లేదు, ఎలకా లేదు. చెవులు వెనక్కి తిప్పుకుని లాగుతోంది. తాడు వైపుకి."

త్రినింగ్ కళ్ళు తుడుచుకుని కుక్క వంక చూసింది. నాలుగు నెలలుగా ఒక్క తనకే మొగుడు పోయాడనుకుంది. ఏడేళ్ళు ఆయన స్టూలు కింద పడుకున్నది ఇదే కదా.

"ఏరా, నువ్వూ దీనికేనా లాగేది?" అంది. సువెలాస్ తోక ఒకసారి నేలకేసి కొట్టింది.

మర్నాటి నుంచి త్రినింగ్ నిజంగా నేర్చుకుంది. తాడు బిగుసుకుంటుందనగానే ఆగిపోయేది. "...ఆ రోజు నీళ్ళు..." అని సిద్రో మొదలుపెట్టగానే మాట తెగిపోయేది. ఆ తెగిన మాట పట్టుకుని పరిగెత్తాలని కాళ్ళు పీకేవి. పళ్ళు బిగబట్టుకుని నిలబడేది. సువెలాస్ వెనక్కి తిరిగి తాడుని వాసన చూసేది, మూలిగేది, నిదానంగా ఆవిడ దగ్గరికి వచ్చేది. అప్పుడిద్దరూ నడిచేవాళ్ళు. ట్రైసికిళ్ళ మోత, కోళ్ళ కూతలు, ఎవరింట్లోనో వెల్లుల్లి వేగుతున్న చప్పుడు, అన్నీ ఉన్నా ఆ వీధి ఆవిడకి శ్మశానంలా ఉండేది. ఆయన రెండోసారి పోయినట్టుంది, ఈసారి తన చేతులతో తనే పంపినట్టుంది. ఇంటికొచ్చి తాడుని మేకుకి తగిలించి, దాని కింద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

మూడో రోజు ఉండబట్టలేక తనే నోరు విప్పింది.

"నిన్న సినిగాంగ్ పులుసులో చింతపండు ఎక్కువైంది" అంది కుక్కతో. సువెలాస్ ఒక చెవి ఆవిడ వైపు తిప్పింది. "మీ నాన్న ఉంటే ముక్కు ముడిచేవాడు, గిన్నె మాత్రం ఖాళీ చేసేవాడు." రెండో చెవీ తిరిగింది. ఇంకాస్త బాగా వినబడాలని కాబోలు, అది మోకాలికి ఆనుకుని నడిచింది. ఆ రోజు లివరు ముక్కలు సంచిలోనే ఉండిపోయాయి. మోకాలి నొప్పి, రొట్టెలతని వేళాకోళం, పెళ్ళిలో చిరిగిన ముసుగు, పుట్టకుండానే పోయిన పిల్ల. ఎవరితోనూ అననివన్నీ త్రినింగ్ ఆ కుక్కకి చెప్పుకుంటూ నడిచింది.

శనివారం వచ్చింది. చర్చి ముందు వీధంతా పోగైంది. కపితాన్ రుఫో చేతిలో కాగితం, పక్కన కుర్చీలో మణికట్టుకి కట్టు కట్టుకుని బెబాంగ్. జోవి డ్యూటీకి ఆలస్యమైనా ఫరవాలేదని నిలబడింది.

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. గట్టు దాకా తాడు ఉయ్యాల తాడులా వేలాడుతూనే ఉంది. వచ్చేటప్పుడు చర్చి ఇంకా యాభై అడుగులుందనగా ఏటి సైరన్ కూసింది. నెలకోసారి పనిచేస్తోందో లేదో చూడ్డానికి మోగిస్తారు, అది ఆ రోజేనన్న సంగతి కపితాన్‌కి కూడా గుర్తులేదు. సువెలాస్ ఎగిరిపడింది. బతుకులో ఎన్నడూ లాగనంత గట్టిగా ముందుకి లాగింది. తాడు కిర్రుమని బిగుసుకుంది.

సిద్రో మాటలు బస్తా తెగినట్టు పడ్డాయి. ఏడో రోజువి, ఎనిమిదో రోజువి, తొమ్మిదో రోజువి, ఒకదాని మీద ఒకటి, గడగడా. సైరన్ హోరులో త్రినింగ్‌కి ఒక్క ముక్క అందలేదు. "అయ్యో, ఆగు, ఆగు!" అని ఆవిడ అరిచింది. అరిచింది కుక్కనా, మొగుణ్ణా, ఆవిడకే తెలీదు. మోకాలు మడత పడుతోంది, అయినా తాడు వదల్లేదు.

సైరన్ ఆగింది. తాడు పొడుగునా ఉన్న మాటలు అయిపోయి పిడి అల్లిన చోటికొచ్చాయి. సిద్రో గొంతు నెమ్మదించింది, కానీ చర్చి ముందున్నవాళ్ళందరికీ వినబడింది.

"ఇదిగోరా సువెలాస్, అయిపోయింది. పిడి చిన్నది పెట్టా, త్రినింగ్ చెయ్యి చిన్నది. ఇలా విను. దాని మోకాళ్ళు మంచివి కావు. నేనెప్పుడూ ముందే నడిచా. ఓసారి సంతలో వెనక్కి తిరిగి చూశా. ఎక్కడో చేపల దగ్గర ఉంది, రెండు సంచులూ మోసుకుంటూ. చూసి కూడా ముందుకే నడిచా, ఎందుకో మరి. నువ్వలా చెయ్యకు. దాని పక్కన నడువు."

మైనం దారం పంటితో కొరికిన చప్పుడు, టక్కుమని. అంతే.

తాడు వదులైంది. సువెలాస్ వెనక్కి తిరిగింది. తల వంచుకుని నిదానంగా వచ్చి త్రినింగ్ ఎడమ మోకాలికి ఒళ్ళు ఆనించి నిలబడింది. ఆవిడ దాని తల మీద చెయ్యి వేసింది. యాభై అడుగులూ అలాగే నడిచారు.

కపితాన్ రుఫో కాగితం చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "మరి... తాడైతే బిగిసింది కదా ఆలింగ్ త్రినింగ్. రూలు రూలే..."

"ఎప్పుడు బిగిసింది?" అంది బెబాంగ్.

"అదేంటి, ఇప్పుడే కదా, సైరన్..."

"నేను చూళ్ళేదు. వంగి చెప్పు సర్దుకుంటున్నా." బెబాంగ్ ఎడమ కాలు అందరికీ కనబడేలా ముందుకి చాపింది. "ఎడమది. అది పెద్దదిగా, ఊరందరికీ తెలిసిందేగా! కాగితం పెట్టినదాన్ని నేను, నేనే చూడనప్పుడు నువ్వెలా చూశావ్?"

కపితాన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. అవీ సిద్రో కుట్టినవే. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "నేనూ లేసు కట్టుకుంటున్నా" అన్నాడు.

త్రినింగ్ ఇంటిదారి పట్టింది. చేతిలో తాడు తేలిగ్గా ఉంది. ఇక దీన్ని ఎవరెంత లాగినా మాట రాదని ఆవిడకి తెలుసు. ఆ మూడు రోజుల మాటలు ఏమిటో ఈ జన్మకి తెలియవనీ తెలుసు. కళ్ళు తుడుచుకోకుండానే నడిచింది.

వాళ్ళ సందు మరీ ఇరుకు. ఇద్దరు పక్కపక్కన పట్టరు. ముప్పై ఎనిమిదేళ్ళూ సిద్రో ముందు, ఆవిడ వెనక. సందు మొదట్లో సువెలాస్ ఆగింది. ముందుకి దూకలేదు, వెనక నక్కలేదు. తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పద మరి" అంది త్రినింగ్, కాస్త పక్కకి ఒత్తిగిలి. ఆవిడ భుజం ఒక గోడకీ, కుక్క ఒళ్ళు రెండో గోడకీ ఒరుసుకుంటూ, ఇద్దరూ పక్కపక్కనే ఇంటికి నడిచారు.