ఒక గంట తక్కువ

లిస్బన్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినతను చెప్పింది రెండే ముక్కలు. కాలేయం దొరికింది, ఐదింటిలోపు వచ్చెయ్యాలి. "ఐదింటికా? వచ్చేస్తాం!" అని అరిచినంత పని చేసి ఫోన్ పెట్టేసింది ఇడాలినా. కుర్చీలో పసుపుముద్దలా కూర్చున్న భర్త ఎవరిష్తు అప్పుడే బూట్లు వెతుక్కుంటున్నాడు.

ఐదంటే లిస్బన్‌లో ఐదు. రేడియోలో టైము చెప్పిన ప్రతిసారీ "దీవుల్లో ఒక గంట తక్కువ" అని వినీ వినీ, అట్లాంటిక్ మధ్యలో ఉన్న తమ సావ్ మిగెల్ దీవిలో అందరికీ అదే అలవాటు. లిస్బన్‌వాళ్ళు ఎంత చెప్పినా ఇక్కడివాళ్ళు ఒకటి తీసేస్తారు. అంటే ఇక్కడ నాలుగు. విమానం ఒకటీ నలభైకి. పద్నాలుగు వందల యాభై కిలోమీటర్లు, రెండు గంటల పది నిమిషాలు. ఆపైన టాక్సీలో అరగంట. ఎలా చూసినా నాలుగూ ఇరవై అవుతోంది.

 మళ్ళీ ఫోన్ చేస్తే, అయితే రావద్దు, ఇంకొకరికి ఇచ్చేస్తాం అంటారేమో! ఇడాలినా ఫోన్ చెయ్యలేదు. మొగుడికీ చెప్పలేదు.

విమానంలో ఆమె చూపంతా చేతి గడియారం మీదే ఉంది.

"నీ మొహం ఇలాగే ఉంటే మన ఆవులు వారం దాకా పాలివ్వవే," అన్నాడు ఎవరిష్తు.

"నోర్మూసుకుని పడుకో."

"పడుకుంటే లేపుతావా, ఇదే సందని వదిలేసి పోతావా?"

ఆమెకు నవ్వు రాలేదు. తీరా లిస్బన్ మీదికొచ్చాక, రన్‌వే ఖాళీ లేదు, పది నిమిషాలు ఆగాలన్నాడు పైలట్. విమానం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. దేవుడా, ఈ పది నిమిషాలూ నా ఆయుష్షులోంచి తీసుకో అని ఇడాలినా మొక్కుకుంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి ఆమె గడియారంలో నాలుగున్నర, గోడ మీద ఐదున్నర. ఎవరిష్తును చక్రాల మంచం ఎక్కిస్తుండగానే కనబడిన మగనర్సు చేతులు ఇడాలినా పట్టేసుకుంది. "అరగంట ఆలస్యమైంది బాబూ, కాళ్ళు పట్టుకుంటా, కాదనకు!"

"ఆలస్యమేంటమ్మా? ఇంకా అరగంట ఉంది," అన్నాడతను. "ఫోన్ చేసింది నేనే. ఐదని చెప్పింది మీ దీవి టైము. నాదీ అక్కడి ఫయాల్ దీవే. మనవాళ్ళతో మాట్లాడితే నోరే ఓ గంట తగ్గించేస్తుంది."

 మంచం మీద ఎవరిష్తు వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

"ఏడుస్తావేంటి? విన్నావుగా, టైముకే వచ్చాం!"

"నాలుగనే నేనూ లెక్కేసుకున్నానే. ఇక అయిపోయింది అనుకున్నా. నీకింకా తెలీలేదనుకుని, తెలిసేదాకా నవ్వించాలని..."

"చస్తాననుకుంటూనే జోకులేశావా, దొంగ సచ్చినోడా!"

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

మంచాన్ని లోపలికి తోసుకెళ్ళిపోయారు. తలుపులు మూసుకున్నాయి.