గుట్ట ఎన్క నడక

ఏన్కూరు అవతల అడివి అంచున సీతయ్య ఊరందరి గొడ్లు కాసేటోడు. గొడ్ల ఎన్క నడిచిన మనిషి మాత్రం కాదు. మంద గుట్ట సాటుకు పోంగనే కుడిచేతి వేలు సాపేటోడు. కనపడని మంద ఎట్ల పోతే వేలు గట్ల జరిగేది. వేలు యాడ ఆగితే ఆడికి ముందే పోయి సుట్ట ముట్టిచ్చి కూసునేటోడు. సుట్ట సగం కాలకముందే మొదటి ఆవు మూతి బయటికొచ్చేది. ఊళ్ల ఎవలూ దాన్ని వింత అనుకోలే. ఒకనికి ఈత వస్తది, ఒకనికి ఇది.

ఆ ఏడు ఎండాకాలం పెండ్లాం ఆదెమ్మకు జరమొస్తే భద్రాచలం దవాఖానకని జీపు ఎక్కిచ్చిండ్రు. జీపుల జాగ లేక సీతయ్య ఆగిండు. జీపు గుట్ట ఎన్కకు మలిగింది. సీతయ్య వేలు సాపిండు. మూడోనాడు శవమొచ్చింది, మట్టి చేసిండ్రు. వేలు మాత్రం దిగలే. గుట్ట దిక్కే సాపి, మెల్లగ జరుగుతనే ఉంది.

కుడిచెయ్యి దించడని పక్కింటి దుర్గ అన్నం కలిపి నోట్ల పెట్టేది.

"ఇయ్యాల అత్త యాడిదాక పోయింది మామా?"

"చింతతోపు దాటుతాంది."

"వారం నుంచి ఆ తోపేనా?"

"దాని కాళ్లు నిమ్మలం బిడ్డా. నోరే జల్దీ."

దుర్గ నవ్వింది. "మరి వేలు దించితే?"

"తప్పిపోతది. ఒకపాలి వదిలితే మళ్ల దొరకదు."

వానకాలం పత్తిల కలుపు తీసి వాగు దాటంగ దుర్గ కాలు జారింది. ఎర్రనీళ్లల్ల మునిగింది. మొగడు గోపాలు, కూలోళ్లు మునిగిన కాడనే దుంకి తడుముతున్నరు. ఒడ్డు మీద సీతయ్య, వేలు గుట్ట దిక్కు.

"మామా, నీ కాళ్లు మొక్కుత! వేలు ఇటు తిప్పు!" గోపాలు మొత్తుకున్నడు.

సీతయ్య గుట్టను ఒక్కపాలి సూసిండు. "ఆగకు, పో" అన్నడు. వేలు వాగు మీదికి తిప్పిండు. వేలు బండ పక్కనుంచి జారింది, మలుపు తిరిగింది, ఇవతలి ఒడ్డు మద్దిచెట్టు వేర్ల కాడ ఆగింది.

"మునిగిన కాడ దేవులాడితే ఏమొస్తదిరా? లేసే కాడికి పోండ్రి!"

"ఆడ ఉత్త నీళ్లే గదా మామా!"

"నువ్వు సెయ్యి పెట్టు. అదే వస్తది."

గోపాలు వేర్లు పట్టుకొని ఉత్త నీళ్లల్ల సెయ్యి పెట్టిండు. మూడు ఊపిర్లు కాలే, దుర్గ జుట్టు పిడికిట్లకొచ్చింది.

నీళ్లు కక్కిందాక సీతయ్యే ఈపు మీద సరిసిండు. కండ్లు తెరవంగనే దుర్గ అడిగింది, "అత్త?"

సీతయ్య మళ్ల గుట్ట దిక్కు వేలు సాపిండు. వేలు కదల్లే. సెయ్యి దించిండు.

"యాడుందో ఇగ నాకెరుక లేదు బిడ్డా. గానీ దాని నడక నాకెరుకే. నేను సూడకున్నా అది ఆగదు."