పరిశోధనకు మాత్రమే

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు తెగ్గొట్టిన మరుసటేడు. మండవల్లి ప్యాకింగ్ షెడ్డులో బొచ్చె చేపల లోడు సగం కూడా కాలేదు. సలోమి ఐసుకు తిమ్మిరెక్కిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ రోజు కూలి అరవై రూపాయలూ వదులుకుని ఏలూరు బస్సెక్కింది. సంచిలో చిన్న అట్టపెట్టె ఉంది.

నిరుడు ఆమె భర్త క్రీస్తుదాసుకు కిడ్నీలు చెడి రక్తం పడిపోయింది. రక్తం పుట్టించే హార్మోను ఇంజెక్షన్లని చెప్పి ఏలూరు నర్సింగ్‌హోము డాక్టరు శ్యామ్ సుందర్ పన్నెండు సీసాలు అంటగట్టాడు, ఒక్కోటి తొమ్మిది వందలు. చల్లగా ఉంచి వారానికి రెండు పొడిపించమన్నాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. చేపను ఎలా కాపాడాలో తెలిసిన సలోమి సీసాలనూ అలాగే షెడ్డులో ఐసు ముక్కల మధ్య పూడ్చింది. ఆరు వారాలకు క్రీస్తుదాసు పోయాడు.

"ఐసులో పెట్టావా? గడ్డకడితే మందు చచ్చిపోద్దమ్మా. చేజేతులా చంపుకున్నావు," అన్నాడు డాక్టరు.

ఆ మాట మోస్తూ ఆమె ఏడాది బతికింది. పాపం చేశాననుకుని చర్చిలో ప్రభువు బల్ల రొట్టెకు చెయ్యి చాపలేదు.

మొన్న పెద్దల బడిలో టీచరు స్నేహలత, ఇంగ్లీషు అక్షరాలున్న వస్తువేదైనా తెమ్మంది. సూదీదారం దాచుకున్న ఆ మందు పెట్టెనే సలోమి పట్టుకెళ్లింది. స్నేహలత ఒకటికి రెండుసార్లు చదివింది.

"ఇది రోగులకిచ్చే మందు కాదక్కా. మనిషి హార్మోనునే ల్యాబుల్లో పరీక్షల కోసం తయారుచేశారు. పరిశోధనకు మాత్రమే, మనుషులకు ఇవ్వకూడదని రాసుంది."

ఆ రాత్రి సలోమి ఏడవలేదు.

నర్సింగ్‌హోము వరండా నిండా జనం. డాక్టరు గదిలోంచి వస్తూ ఆగాడు.

"ఏమ్మా, మళ్లీ ఏమొచ్చింది?"

"చదివించుకుందామనొచ్చానండి. మీరు బాగా చదువుకున్నోరు కదండీ, అందరికీ వినపడేలా చదవండి."

ఆమె సంచిలోంచి తీసిన పెట్టె చూడగానే అతని గొంతు తగ్గింది. "లోపలికి రా, మాట్లాడుకుందాం."

"నన్ను మొగుణ్ణి చంపినదాన్ని చేసింది ఆ లోపలేనండి. ఇక్కడే మాట్లాడండి."

"ఎంతో కొంత ఇప్పిస్తాను. అదిలా ఇయ్యి."

"మనిషినే ఇచ్చేశాను కదండీ. పెట్టె ఇయ్యను."

"బయటికి పో."

"పోనండి. ఏడాదిపాటు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇక మీకు నిద్ర పట్టకుండా చూస్తాను. ఇవాళ ఇక్కడ, రేపు కలెక్టరాఫీసు దగ్గర, ఎల్లుండి మళ్లీ ఇక్కడే."

ఆమె బెంచీ మీద కూర్చుంది. పక్కనున్న ముసలామె తన సంచిలోంచి కొత్త పెట్టె ఒకటి తీసింది.

"అమ్మాయ్, ఇది మా ఆయనకి రాశారు. కాస్త చూసి పెడతావా?"

సలోమి రెండు పెట్టెలూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం కింద వేలు ఆనిస్తూ పోల్చసాగింది. గుమ్మంలో డాక్టరు నిలబడే ఉన్నాడు. వరండాలో ఒక్కొక్కరే తమ సంచులు విప్పుతున్నారు.

రత్నమాణిక్యం, అరవై ఆరేళ్లు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో చెల్లెలి కూతురింట్లో ఉంటున్నాను.