ఎత్తని వేలు

ముప్పై రెండేళ్లుగా పార్లమెంటు సభ్యుణ్ణి. ఓటింగ్ గంట మోగగానే మా పార్టీ విప్ ముందు వరుసలో వేలెత్తితే పచ్చ బటన్, పిడికిలి బిగిస్తే ఎర్ర బటన్. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పు నొక్కలేదు.

ఈరోజు బిల్లు, ఇక కోలుకోని రోగికి ఊపిరి నిలిపే యంత్రాలు ఆపేయొచ్చా అని. "ఎవరి మనసుకు తోచినట్టు వాళ్లు వేసుకోండి" అని విప్ చేతులు జేబుల్లో పెట్టుకు కూర్చున్నాడు. ఇదెక్కడి న్యాయం? నా మనసుకు ఏం తోచాలో చెప్పేదెవరు? నర్సుగా పనిచేసే మా అమ్మాయి పొద్దున్నే అడిగింది, "ఏం నొక్కుతారు నాన్నా?" అని.

"చూద్దాంలే" అన్నాను. ఏం చూడాలో తెలిస్తేగా.

గంట మోగింది. తెర మీద పది, తొమ్మిది, ఎనిమిది. నా వేలు పచ్చకీ ఎరుపుకీ మధ్య తిరుగుతోంది.

ఎదురు వరుసలో ప్రతిపక్షం పెద్దాయన ఉన్నాడు. నాతోపాటే సభలో అడుగుపెట్టినవాడు. నేను పచ్చంటే ఆయన ఎరుపు, ఏనాడూ కలవలేదు. ఆయన నొక్కినదానికి తిరగేసి నొక్కేద్దామని తలెత్తాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, నా వేలి వైపే చూస్తున్నాడు.