అమీన్ పెట్టె బరువు

ఉదయం ఆరూ పదికి ఆవపల్లి మకాంలో సర్వే అమీన్ అప్పయ్య జేబు గడియారానికి కీ ఇచ్చాడు. తర్వాత కొయినా మందు సీసాను గుడ్డలో చుట్టి, భూమి కొలిచే గొలుసూ నక్షాలూ ఉన్న టేకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సీసా చిన్నది, చొక్కా జేబులో పట్టేది. కానీ బస్తర్ సంస్థానం కొలువులో చేరిన పదమూడేళ్లుగా అతను తన చేత్తో ఏదీ మోయలేదు. అమీన్ చేతిలో బరువు కనిపిస్తే ఊళ్లో అతని మాట చెల్లదని నమ్మకం.

ఐదు కోసుల అవతల, తర్రెం మకాంలో అతని భార్య తిరుపతమ్మ చలిజ్వరంతో పడి ఉంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక జ్వరం వస్తోంది. ఈసారి అది రాకముందే మందు పడాలని, లేకపోతే తట్టుకోలేదని కాంపౌండరు గట్టిగా చెప్పాడు.

అధికారుల సామాను మోయడం ఊళ్ల వంతు. ఒక ఊరివాళ్లు తమ పొలిమేర దాకా కావడి మోసి అవతలి ఊరివాళ్లకు అప్పగిస్తారు. కూలి ఉండదు. ఆ రోజు వంతు హడ్మాది. కావడికి ఒక వైపు పెట్టె, మరో వైపు బియ్యం మూట.

ఆ దారుల్లో మోసేవాడిని ఏమన్నా అంటే ఆ మాట బరువు కూడా సామానులో చేరేది. ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. తిట్టే అధికారి వెంట ఒక మనిషిని ఎక్కువ పంపాలని కచేరీ కాగితాల్లోనే ఉండేది. పడ్డ మాట దిగాలంటే అన్నవాడే రావాలి, ఎవరి మీద పడిందో వాళ్లనూ, మోసినవాళ్లనూ చుట్టరికం వరసతో పిలవాలి. తిరుపతమ్మ అందరినీ అన్నా, తమ్ముడూ అనేది. ఆమె ట్రంకు మోయడానికి జనం పోటీ పడేవారు.

వాగు దగ్గర హడ్మా భుజం మార్చుకోవడానికి కావడి దించాడు.

“అప్పుడే దించినవేందిరా?” అన్నాడు అప్పయ్య గుర్రం మీంచి. ఆపై హడ్మా తల్లి గంగేను గురించి ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగింది కాదు.

కావడి బద్ద కిర్రుమంది. హడ్మా మోకాళ్లు వంచి లేచాడు.

“నేను ముందు పోతున్న. పన్నెండు లోపల పెట్టె రావాలె. లేకపోతే చూడు,” అని అప్పయ్య గుర్రాన్ని అదిలించాడు.

పొలిమేరలో సోమారు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, గంగేకు సొంత అన్న. అతని వెంట ఆ ఊరివాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు.

“ఏం అల్లుడూ, గట్ల వంగినవ్? పెండ్లాన్ని గూడ పెట్టెల పెట్టుకొచ్చినవా ఏంది?”

నలుగురూ నవ్వారు.

“ఎండ, మామా.”

“మాటలేమన్న పడ్డయా?”

కావడి అందుకునేవాడు ఆ ప్రశ్న అడగాలి. పడ్డాయంటే ఎత్తడానికి మరో ఇద్దరు వస్తారు. కానీ పడ్డ మాటను పడ్డట్టు, అందరి ముందు చెప్పాలి. దాచిన మాట చేయి మారితే ఇంకా బరువెక్కేది. హడ్మా సోమారు ముఖం చూశాడు.

“ఏం పడలే. వట్టి పెట్టే.”

సోమారు ఒక్కడే ఎత్తుకున్నాడు. పళ్లు బిగించి గట్టు మీద నలభై అడుగుల దాకా నడిచాడు. అక్కడ బద్ద విరిగింది. దాని కింద భుజం ఎముక కూడా. పెట్టె సగానికి నేలలో దిగబడింది. నలుగురూ కలిసి పట్టినా కదల్లేదు. మూత కూడా బిగుసుకుపోయింది.

“నేను దాచిన, మామా,” అన్నాడు హడ్మా.

“ఎవరి మీద?”

“అమ్మ మీద.”

ఏ మాట అని సోమారు అడగలేదు. “ఉరుకు. దొరను తోలుకరా.”

హడ్మా తర్రెం చేరేసరికి పన్నెండూ ఇరవై.

“పెట్టె ఏదిరా?”

“సోమారు మామ పడ్డడు, దొరా. పెట్టె కదలట్లే. నువ్వొచ్చి వరసతోని పిలవాలె.”

“నేనా? వాణ్నా?”

లోపల మంచం మీంచి తిరుపతమ్మ గొంతు వినిపించింది. “పోయి రండి. ముందు హడ్మా అన్నకు నీళ్లియ్యండి, రొప్పుతున్నడు.”

అప్పయ్య గుర్రం ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గుర్రం జీను వేసి సిద్ధంగానే ఉంది.

గట్టు మీద నిలబడి అతను మొదట, “హడ్మా తమ్ముడూ,” అన్నాడు. పెట్టె కొంచెం పైకి లేచింది. సోమారును పిలవడానికి నోరు రాలేదు. మూడోసారికి, “సోమారు మామా,” అనగలిగాడు. తాళం తీస్తే మూత తెరుచుకుంది. సీసాను తన జేబులోనే పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

అతను మకాం చేరేటప్పటికి రెండూ ఐదు. జ్వరం ఒంటీ నలభైకే వచ్చింది. తిరుపతమ్మకు తెలివి లేదు. పోసిన మందు పెదవి చివర నుంచి దిండు మీదికి కారింది. ఐదున్నరకు ఆమె పోయింది.

మర్నాడు పాడె ఎత్తడానికి ఇద్దరు సరిపోయారు. ఎగిరిపోకుండా దాన్ని అడవితీగతో భుజాలకు కట్టుకున్నారు. ముందు హడ్మా, వెనక అప్పయ్య. విరిగిన భుజానికి గుడ్డ కట్టుకుని సోమారు పక్కన నడిచాడు.

చితి ఆరాక అప్పయ్య హడ్మా దగ్గరికి వచ్చాడు.

“తమ్ముడూ, మీ అమ్మను గూడ వరసతోని పిలవాలె. ఏడుంటది?”

“నిరుడు వానల్ల చచ్చిపోయింది.”

మూడో రోజు అప్పయ్య కొలువు వదులుకుంటున్నట్టు కాగితం రాసి, పెట్టె తన నెత్తిన పెట్టుకుని జగదల్‌పూర్‌కు నడిచాడు. మోస్తామని ఊళ్లవాళ్లు పొలిమేరల్లో లేచి నిలబడినా ఎవరికీ ఇవ్వలేదు.

పన్నెండు రోజుల తర్వాత జగదల్‌పూర్ నుంచి వచ్చిన టపా మనిషి ఒక సంగతి చెప్పాడు. అక్కడి గోదాములో గొలుసూ నక్షాలూ తీసేసి, ఖాళీ పెట్టెను కాటా మీద పెట్టారట. చెక్కా ఇనుప పట్టీలూ కలిపి తొమ్మిది సేర్లు తూగాలి. ముల్లు ఇరవై ఒకటి దగ్గర ఆగింది.