మేనేజరుగారి చేతికి తాడు

రోజూ పొద్దున్నే ఆమె పాపకి పాలు పట్టి, నడుముకి మెత్తటి గుడ్డ చుట్టి, దానికి నూలు తాడు కట్టేది. పళ్లు రాకముందు కొందరు పిల్లలు గాల్లో తేలతారు. ఈ పాప కాస్త ఎక్కువే తేలేది. తల కప్పుకి తగలకుండా చూసుకుంటే చాలంది డాక్టరమ్మ.

మొగుడూ పెళ్లాలిద్దరూ రేవులో క్రేన్ నడిపేవాళ్లే. ఒకరు పనికెళ్తే ఒకరు పాపని చూసుకునేవాళ్లు. తాడు ఆయన చేతిలో ఉన్న రోజు వీధివీధంతా "బంగారంలాంటి మనిషి" అనేది. కూరలావిడ రెండు క్యారెట్లు కొసరేసేది. అదే తాడు ఆమె చేతిలో ఉంటే, "అంత పొడుగు వదిలావేంటమ్మా, పిల్లకి ఎండ తగలదూ?" కురచ చేస్తే, "పాపం, కాస్త ఆడనివ్వచ్చుగా?" అత్తగారైతే "మావాడి ఓపిక ఎవరికొస్తుంది!" అని ఆమెతోనే చెప్పి మురిసిపోయేది.

రేవులో సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయితే ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ముందు ఆయన్ని పిలిచారు.

"ఏం అడిగారు?" అంది, బయటికి రాగానే.

"గాలి ఎక్కువుంటే బరువెలా దించాలి, గొలుసెప్పుడు మార్చాలి, అంతే" అని ఆయన షిఫ్టుకి పరుగెత్తాడు. ఆమె పాపతోనే లోపలికెళ్లింది.

మేనేజరు ఆమె ఫైలు తెరవనేలేదు. "పాపని ఎవరు చూసుకుంటారమ్మా?"

"మా ఆయన్ని అడిగారా, సార్?"

"ఆయన్నెందుకు అడుగుతాం?"

"పాప ఆయనకీ కూతురే కదండీ."

మేనేజరు, ఇంటర్వ్యూకి వచ్చినట్టు సంతకానికి ఫారం జరిపాడు. ఆమె తాడు ఆయన చేతికిచ్చి పెన్ను తీసుకుంది. ఆయన మర్యాదకి పాపని చూసి నవ్వాడు. పాపా నవ్వింది. నవ్వినప్పుడు దానికి బలం రెట్టింపవుతుంది. కుర్చీ కిందే ఉండిపోయింది, మేనేజరు పైకి లేచాడు.

"కాగితాలు పైకి అందించమంటారా, సార్?" అన్నాడు పక్కనున్న గుమాస్తా.

ఇరవయ్యేళ్లుగా రేవులో ఉన్నా మేనేజరు ఎప్పుడూ ఏదీ ఎక్కినవాడు కాదు. రెండు చేతులా తాడు బిగించి పట్టుకున్నాడు.

"కిందికి చూడకండి, సార్. తాడు బిగించకండి, బెదిరితే ఇంకా పైకి పోతుంది. పాప ఆవలించగానే దిగుతారు" అంది ఆమె, సంతకం పెడుతూ.

ఆయన పై కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ మూడో వరస కంటైనర్ పెట్టెలు వంకరగా లేవూ?"

"నెలనుంచీ వంకరే. అక్కడ నేల కుంగింది. కిందినుంచి తెలీదు. రెండుసార్లు రాసిచ్చాను."

"ఇప్పుడేం చెయ్యాలి?"

లారీలు ఎక్కడ ఆపాలో, ఏ పెట్టె ముందు తీయాలో, ఎంతమంది కావాలో ఆమె చెప్పింది. ఆయన పైనుంచి ఒక్కొక్కటే అడిగాడు, చూపుతో సరిచూసుకున్నాడు. పాప ఆవలించింది. మేనేజరు దిగి, తాడు ఆమె చేతికిచ్చి, ఫైలు తెరిచాడు.

ఉత్తర్వు ఆమె పేరున వచ్చింది. వాళ్లాయన రెండ్రోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు తనే వెళ్లి సాయంత్రం షిఫ్టు రాయించుకుని వచ్చి, "పొద్దున నువ్వు తొందరగా వెళ్లాలి కదా" అన్నాడు.

సోమవారం పొద్దున మూడో వరస ముందు ముప్ఫైమంది మగవాళ్లు నిలబడ్డారు. కొందరు చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. ఆమె లారీలన్నీ ఆగాయో లేదో చూసుకుని, ముందుకొచ్చి కుడిచెయ్యి ఎత్తింది. పైనున్న క్రేన్ కదిలింది. జేబుల్లో చేతులు బయటికొచ్చాయి.